మిరప మిల్లులో షాఫ్టు వేగానికి కాపలా: ఒక సీజను వాడిన తర్వాత

గుంటూరు చుట్టుపక్కల మిరప పొడి మిల్లుల్లోనూ, రైసు మిల్లుల్లోనూ, పత్తి గింజల నూనె మిల్లుల్లోనూ యంత్రాల మెయింటెనెన్సు చూసేవారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. మా మిరప పొడి మిల్లులో ఒక బకెట్ ఎలివేటరుకూ (బెల్టుకు బిగించిన బకెట్లతో సరుకును పైకెత్తే యంత్రం), మిరపను పొడికొట్టే పల్వరైజరు కింద ఉండి పొడిని ముందుకు నెట్టే స్క్రూ కన్వేయరుకూ షాఫ్టు తిరిగే వేగాన్ని నిరంతరం కనిపెట్టుకుని ఉండే పరికరాన్ని అమర్చాము. వేగం తగ్గినా, షాఫ్టు ఆగిపోయినా అది వెంటనే లైనును ఆపివేస్తుంది. మన దగ్గర ఎలక్ట్రీషియన్లు దీన్ని జీరో స్పీడ్ స్విచ్ అని, స్పీడ్ మానిటర్ అని పిలుస్తారు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో పనిచేసే పరికరాలను మన దేశంలో పలు కంపెనీలు తయారుచేస్తున్నాయి కాబట్టి, నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో అధికభాగం ఆ పద్ధతికీ, దాన్ని అమర్చే తీరుకూ సంబంధించినవే. పరికరం కొనదగినదే అన్నది నా అభిప్రాయం. అయితే పెట్టెలోంచి తీసి బిగించేస్తే పని అయిపోయే వస్తువు కాదు ఇది. బిగించే చోటు తప్పితే ఉన్నా లేనట్టే.

ఓవర్‌లోడ్ రిలే ఉండగా మళ్లీ ఇదెందుకని మిల్లు యజమానులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. ఓవర్‌లోడ్ రిలే మోటారు తీసుకునే కరెంటును మాత్రమే చూస్తుంది, అది పరిమితి దాటితే ట్రిప్ అవుతుంది, అంటే మోటారును ఆపేస్తుంది. కానీ ఎలివేటరు బెల్టు తెగిపోయినప్పుడు మోటారు మీద భారం పెరగదు, తగ్గుతుంది. స్క్రూ కన్వేయరులో రెండు షాఫ్టు ముక్కలను కలిపే కప్లింగు బోల్టు విరిగినప్పుడూ అంతే. మోటారు హాయిగా తిరుగుతూ ఉంటుంది, ప్యానెల్ మీద పచ్చ దీపం వెలుగుతూ ఉంటుంది, ఆమీటరు ముల్లు మామూలు కంటే కిందనే ఉంటుంది. వెనక నుంచి సరుకు మాత్రం వస్తూనే ఉంటుంది. ఎక్కడో గొట్టం నిండి పొంగిపొర్లాక గానీ సంగతి ఎవరికీ తెలియదు. మోటారు తిరుగుతున్నదా లేదా అన్నది కాదు మనకు కావలసిన సమాచారం, సరుకును మోసే చివరి షాఫ్టు తిరుగుతున్నదా, తిరగవలసినంత వేగంగా తిరుగుతున్నదా అన్నది.

ఇంతకంటే ప్రమాదకరమైనది బెల్టు జారడం. ఎలివేటరు అడుగున ఉండే తొట్టి, అంటే బూటు, సరుకుతో నిండిపోతే బకెట్లు అందులో చిక్కుకుని బెల్టు నిలిచిపోతుంది. పైన మోటారు తిప్పే పుల్లీ మాత్రం నిలిచిన బెల్టు మీద రాసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ జారుడుకు కావలసిన బలం మోటారు శక్తికి లోపలే ఉంటే ఓవర్‌లోడ్ రిలే కదలనే కదలదు. పుల్లీ మీది రబ్బరు, బెల్టు అడుగు భాగం కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి కాలడం మొదలుపెడతాయి. ఎలివేటరు గొట్టమంతా సన్నటి దుమ్ము. ధాన్యపు దుమ్మయినా, మిరప దుమ్మయినా తగిన పాళ్లలో గాలిలో కలిసి ఉన్నప్పుడు నిప్పు తగిలితే భగ్గున అంటుకునేదే. అమెరికాలో ధాన్యపు గిడ్డంగుల వరుస పేలుళ్ల తర్వాత 1987లో అక్కడి కార్మిక భద్రతా సంస్థ తెచ్చిన నిబంధనల్లో, బకెట్ ఎలివేటరు బెల్టు వేగం మామూలు కంటే 20 శాతానికి మించి తగ్గకముందే దాన్ని ఆపివేసే పరికరం ఉండాలన్న షరతు చేరింది. ఆ చట్టం మనకు వర్తించదు. అయినా ఆ 20 శాతం అన్న గీతను నేను మా మిల్లులో కొలతగా పెట్టుకున్నాను. అది అనుభవం నుంచి వచ్చిన అంకె, మన ఎలివేటర్లు పనిచేసే తీరు అక్కడి వాటికి భిన్నమేమీ కాదు.

మిరప మిల్లులో దీనికి తోడు మరో నష్టం ఉంది. పల్వరైజరు కింద స్క్రూ ఆగిపోతే, వచ్చిన పొడి వచ్చినట్టే జల్లెడ కింద పేరుకుని వెనక్కి తన్నుతుంది. పల్వరైజరు సుత్తులు అదే పొడిని మళ్లీ మళ్లీ కొడతాయి, లోపల వేడి పెరుగుతుంది, ఎర్రగా రావలసిన పొడి గోధుమ రంగుకు తిరిగి మాడిన వాసన వేస్తుంది. తేజ ఘాటుకూ బ్యాడిగి రంగుకూ పేరున్న రకాలు, ఎగుమతి కొనుగోలుదారులు ఆస్టా యూనిట్లలో రంగు కొలిచి మరీ ధర కడతారు. మాడిన పొడిని మంచి సరుకులో కలపడానికి వీల్లేదు, పారబోయడానికి మనసొప్పదు. కాబట్టి ఈ పరికరం కాపాడేది బేరింగునూ గేరుబాక్సునూ మాత్రమే కాదు, సరుకును కూడా.

మేము కొన్న సెట్టులో రెండు భాగాలున్నాయి. ఒకటి షాఫ్టు దగ్గర ఉండే సెన్సారు: 30 మిల్లీమీటర్ల వ్యాసం, ఇత్తడి మరల ఒళ్లు, 24 వోల్టుల డీసీ మీద పనిచేసే ఇండక్టివ్ ప్రాక్సిమిటీ. ఫిట్టర్లు ప్రాక్సీ అంటారు. రెండోది ప్యానెల్‌లో పట్టాలకు తగిలించే కంట్రోలు యూనిట్: నాలుగంకెల డిస్‌ప్లే, హెచ్చరికకు ఒకటీ ట్రిప్పుకు ఒకటీ చొప్పున రెండు రిలేలు, స్టార్టింగు సమయానికి విడిగా ఒక టైమరు. సెన్సారు ముఖం దగ్గర ఎప్పుడూ ఒక చిన్న అయస్కాంత క్షేత్రం కంపిస్తూ ఉంటుంది. షాఫ్టుతోపాటు తిరిగే ఇనుప ముక్క దాని ఎదుటికి వచ్చిన ప్రతిసారీ ఆ కంపనం బలహీనపడి ఒక పల్సు వెలువడుతుంది. కంట్రోలు యూనిట్ ఒక పల్సుకూ తర్వాతి పల్సుకూ మధ్య పట్టిన కాలాన్ని కొలిచి నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కకడుతుంది. లోహం కానిది ఏదీ దాని కంటికి ఆనదు. అందుకే సెన్సారు ముఖం మీద వేలి మందాన మిరప పొడి అట్టకట్టినా లెక్క తప్పలేదు. కాంతి మీద ఆధారపడే సెన్సార్లను మిరప మిల్లులోకి తేవద్దని గట్టిగా చెబుతాను. నూనె జిడ్డుతో కలిసిన ఎర్ర పొడి వాటి అద్దాన్ని ఒక్క షిఫ్టులో మూసేస్తుంది. పెద్ద యంత్రాల మీద కనిపించే మాగ్నెటిక్ పికప్ కూడా ఇక్కడ పనికిరాదు. అది షాఫ్టు వేగం నుంచే తన వోల్టేజిని పుట్టించుకుంటుంది కాబట్టి నిమిషానికి యాభై చుట్లు తిరిగే స్క్రూ దగ్గర దాని గొంతు వినబడదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో వలె నిమిషానికి 3000 చుట్లు తిరిగే టర్బైన్ల దగ్గర అలాంటి వాటికి తగిన చోటు. అక్కడ భయం వేగం పెరుగుతుందని, సుమారు 110 శాతం దగ్గర ఆవిరిని మూసేసే రక్షణ ఉంటుంది. మన కన్వేయర్ల దగ్గర భయం వేగం తగ్గుతుందని. కొలత ఒకటే అయినా కాపలా కాసే దిక్కు వేరు.

వీటిని విజయవాడ ఆటోనగర్‌లో పారిశ్రామిక విద్యుత్ సామాను అమ్మే ఒక దుకాణంలో కొన్నాము. ఆ దుకాణంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. కౌంటరులో ఉన్న కుర్రవాడు ధర చెప్పకముందే, "ఎలివేటరుకా, స్క్రూకా అండీ? ఏ చివర పెడుతున్నారు? షాఫ్టు ఎమ్మెస్సా, ఎస్సెస్సా?" అని వరుసగా అడిగాడు. ఈ మూడూ సరైన ప్రశ్నలు. ముఖ్యంగా మూడోది, అంటే షాఫ్టు మామూలు ఉక్కుదా (ఎమ్మెస్), స్టెయిన్‌లెస్ స్టీలుదా (ఎస్సెస్) అన్నది. ఇండక్టివ్ సెన్సారు మీద రాసి ఉండే దూరం మామూలు ఉక్కుకు లెక్కగట్టినది. మా సెన్సారుకు అది 10 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ స్టీలు ఎదుట పెడితే అది దాదాపు 70 శాతానికి పడిపోతుంది, అల్యూమినియం అయితే సగానికంటే కూడా తక్కువకు. ఆహార పదార్థాల మిల్లుల్లో షాఫ్టులూ బోల్టులూ స్టెయిన్‌లెస్‌వే ఎక్కువ కాబట్టి, పది మిల్లీమీటర్లని నమ్మి ఎనిమిది దగ్గర బిగించినవారికి సెన్సారు పల్సు ఇవ్వదు. లేదా పగలు ఇచ్చి, వేడి మారి బేరింగు కాస్త ఆడిన రాత్రి మానేస్తుంది. మేము స్క్రూ షాఫ్టు దగ్గర నాలుగు మిల్లీమీటర్ల సందు పెట్టాము. ధర విషయానికొస్తే, దేశీయంగా తయారైన ఇలాంటి సెట్టు వేలల్లోనే వస్తుంది. ఒక ఎలివేటరు బెల్టు, బకెట్లు మార్చే ఖర్చు తెలిసినవారికి అది పెద్ద మొత్తంగా తోచదు.

సెన్సారును పెట్టే చోటు గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన మిల్లుల్లో సగానికి సగం తప్పు ఇక్కడే జరుగుతోంది. నిచ్చెన ఎక్కే పని తప్పుతుందనో, మోటారుకు వెళ్లే వైరు గొట్టంలోనే ఈ వైరునూ లాగవచ్చుననో సెన్సారును మోటారు వైపు షాఫ్టుకు, కొన్నిచోట్ల గేరుబాక్సు కప్లింగుకు బిగిస్తారు. బెల్టు తెగినా, బోల్టు విరిగినా ఆ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, డిస్‌ప్లే మీద అంకె చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. సెన్సారు ఎప్పుడూ మోటారుకు దూరపు కొసన, అంటే ఎలివేటరుకు అడుగు పుల్లీ షాఫ్టు మీద, స్క్రూకు తోక షాఫ్టు మీద ఉండాలి.

అడుగు పుల్లీ దగ్గర మరో చిక్కు ఉంది. బెల్టు సాగినప్పుడు బిగించే స్క్రూలు మన ఎలివేటర్లలో ఎక్కువగా బూటు దగ్గరే ఉంటాయి. బెల్టు బిగించిన ప్రతిసారీ అడుగు షాఫ్టు బేరింగులతో సహా కిందికి జరుగుతుంది. సెన్సారు బ్రాకెట్టును ఎలివేటరు డబ్బాకు బోల్టు చేస్తే, షాఫ్టు జరిగినప్పుడల్లా టార్గెట్, అంటే సెన్సారు లెక్కపెట్టే ఇనుప ముక్క, సెన్సారు ఎదుటి నుంచి పక్కకు తప్పుకుంటుంది. పరికరంతోపాటు వచ్చిన సూచనల పుస్తకంలో ఈ సంగతి లేదు. మేము బ్రాకెట్టును జారే బేరింగు ప్లేటుకే వెల్డింగు చేయించాము, కాబట్టి షాఫ్టుతోపాటు సెన్సారు కూడా అంతే దూరం కిందికి దిగుతుంది, మధ్య సందు మారదు. పెట్టెలో వచ్చిన బ్రాకెట్టు పలుచని రేకు. ఎలివేటరు అదురుకు అది వణికిపోయేది. దాన్ని పక్కన పెట్టి, ఆరు మిల్లీమీటర్ల ప్లేటుతో గుంటూరు ఆటోనగర్‌లో కొత్తది చేయించుకున్నాము. కొనేవారెవరైనా ఆ పని ముందుగానే చేయించుకోవడం మంచిది.

టార్గెట్ కోసం ఎలివేటరు అడుగు షాఫ్టు కొసకు రెండు ముక్కల కాలరు బిగించి, దాని మీద ఒకే ఒక లాడము, అంటే పైకి పొడుచుకొచ్చే ఇనుప ముక్క, పెట్టాము. లాడము వెడల్పు సెన్సారు ముఖానికి తగ్గకూడదు. ఒకటికంటే ఎక్కువ పెడితే వాటి మధ్య ఖాళీ సెన్సారు ముఖానికి కనీసం రెండింతలు ఉండాలి. కాలరును బిగించే బోల్టు తల పైకి పొడుచుకొచ్చి ఉంటే సెన్సారు దాన్ని కూడా లెక్కపెడుతుంది. మా ఫిట్టరు బిగించిన మొదటి రోజే డిస్‌ప్లే 190 చూపింది, షాఫ్టు తిరిగేది అందులో సగమే. బోల్టు తలలను లోపలికి దింపాక 95 దగ్గర నిలిచింది. దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. అంకె రెట్టింపు చూపే పరికరాన్ని అలాగే వదిలి సెట్‌పాయింటును, అంటే ట్రిప్ కావలసిన వేగపు అంకెను, మాత్రం అసలు వేగానికి పెట్టుకుంటే, బెల్టు సగం జారినా అది ట్రిప్ కాదు. అందుకే బిగించిన తర్వాత చేతి టాకోమీటరుతో షాఫ్టు వేగాన్ని విడిగా కొలిచి డిస్‌ప్లేతో పోల్చుకోవడం తప్పనిసరి. బయటికి పొడుచుకొచ్చిన షాఫ్టు కొస మీద లాడము తిరుగుతుంటుంది కాబట్టి దాని చుట్టూ జాలీ గార్డు కూడా ఉండాలి. తిరిగే భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. యంత్రాన్ని కాపాడటానికి పెట్టిన లాడము మనిషి పంచెనో చీర కొంగునో లాగే పరిస్థితి రాకూడదు.

అంకెలు పెట్టడం సులభమే. మా ఎలివేటరు అడుగు పుల్లీ 400 మిల్లీమీటర్లు, 95 చుట్ల దగ్గర బెల్టు సెకనుకు సుమారు రెండు మీటర్లు నడుస్తుంది. అందులో 20 శాతం తీసేస్తే 76. ట్రిప్పును అక్కడ పెట్టి, హెచ్చరిక గంటను పది శాతం దగ్గర, అంటే 85 దగ్గర పెట్టాము. ఎండాకాలం వోల్టేజి పడిపోయినప్పుడు ఊరికే ట్రిప్ అవుతుందేమోనని కొందరు సందేహిస్తారు. నాలుగు పోళ్ల ఇండక్షన్ మోటారు ఖాళీగా 1500కు దగ్గరగా, పూర్తి లోడు మీద 1440 చుట్ల ప్రాంతంలో తిరుగుతుంది. ఆ తేడా నాలుగు శాతమే. వోల్టేజి కాస్త తగ్గితే ఇంకొంచెం తగ్గవచ్చు, అంతే తప్ప 20 శాతం దాకా రాదు. నిజంగా అంత పడిపోయిందంటే ఆ మోటారును ఆపడమే మేలు. పల్సుల మధ్య కాలం కూడా చూసుకోవాలి. 76 చుట్ల దగ్గర ఒక్క లాడముతో పల్సుకూ పల్సుకూ మధ్య 0.8 సెకను పడుతుంది, ఎలివేటరుకు అది చాలు. స్క్రూ తిరిగేది 48 చుట్లే కాబట్టి ఒక్క లాడముతో ప్రతి పల్సుకూ సెకనుంబావు ఆగాలి. అక్కడ నాలుగు లాడాలు పెట్టాము. యూనిట్‌లో చుట్టుకు ఎన్ని పల్సులో చెప్పుకునే వీలుంది, అది ఈ పరికరంలోని మంచి గుణాల్లో ఒకటి.

స్టార్టింగు టైమరు మాత్రం జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. మోటారు ఆన్ చేసిన వెంటనే షాఫ్టు వేగం సున్నా. అప్పుడే ట్రిప్ కాకుండా యూనిట్ కొన్ని సెకన్లపాటు కళ్లు మూసుకుంటుంది. మా ఎలివేటరు ఖాళీగా నాలుగైదు సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది కాబట్టి టైమరును ఎనిమిది సెకన్లకు పెట్టాము. కంపెనీ పంపేటప్పుడు అది ఇంకా ఎక్కువకు ఉంది. ఎక్కువ ఉంటే ఏం నష్టమంటే, బూటు నిండి ట్రిప్ అయిన ఎలివేటరును ఆపరేటరు మళ్లీ మళ్లీ రీసెట్ చేసి స్టార్ట్ చేస్తాడు. ప్రతి ప్రయత్నంలోనూ ఆ టైమరు గడిచేదాకా పై పుల్లీ నిలిచిన బెల్టు మీద రాపిడి పెడుతుంది. వరుసగా నాలుగు ప్రయత్నాలు చేస్తే పరికరం ఉండి కూడా రబ్బరు కాలుతుంది. ఈ యూనిట్‌లో వరుస స్టార్టులను అడ్డుకునే ఏర్పాటు లేదు. ఇది నా దృష్టిలో దీనికున్న అతి పెద్ద లోపం. మేము ప్యానెల్‌లో విడిగా ఒక రిలే పెట్టి, ట్రిప్ తర్వాత తాళంచెవి స్విచ్చు తిప్పితే గానీ రీసెట్ కాకుండా చేసుకున్నాము. తాళంచెవి షిఫ్టు సూపర్‌వైజరు దగ్గర ఉంటుంది. మెయిన్ స్విచ్చుకు తాళం వేసి, బూటు తలుపు తీసి, సరుకు తోడేసి చూసిన తర్వాతే ఆయన ఇస్తాడు.

వైరింగు విషయంలో దుకాణం వారు గానీ కంపెనీ వారు గానీ చెప్పకపోయినా పాటించవలసినది ఒకటుంది. షాఫ్టు సరిగా తిరుగుతున్నప్పుడు రిలే ఎత్తుకుని ఉండాలి, వేగం తగ్గినప్పుడు పడిపోవాలి. అలా అయితే సెన్సారు వైరు తెగినా, 24 వోల్టుల సప్లయి పోయినా, యూనిట్ కాలిపోయినా లైను ఆగుతుంది. దీనికి తలకిందులుగా కలిపితే, చచ్చిపోయిన పరికరం అంతా బాగానే ఉందని చెబుతూ ఉంటుంది. అలాగే ట్రిప్ అయినప్పుడు ఆ ఒక్క యంత్రాన్ని ఆపితే సరిపోదు, దానికి సరుకు తెచ్చే వెనక యంత్రం మొదట ఆగాలి. మా దగ్గర స్క్రూ ట్రిప్ అయితే పల్వరైజరు ఫీడరు అదే క్షణంలో ఆగుతుంది, లోపలున్న కొద్దిపాటి సరుకు దిగాక పల్వరైజరు ఆగుతుంది.

వైరు లాగిన దారి కూడా మాకు కొంత కష్టం తెచ్చింది. పల్వరైజరు ఫీడరుకు వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం, ఉంది. సెన్సారు వైరును వీఎఫ్‌డీ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో వేసినప్పుడు, స్క్రూ ఆగి ఉన్నా డిస్‌ప్లే మీద అంకెలు ఎగిరిపడేవి. ఒకసారి 30, మరుక్షణం 112. ఆగిన షాఫ్టును తిరుగుతున్నట్టు చూపే పరికరం అసలు లేకపోవడం కంటే ప్రమాదం. షీల్డు ఉన్న కేబుల్ తెచ్చి, షీల్డును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేసి, వేరే గొట్టంలో లాగిన తర్వాత అంకె స్థిరపడింది. పెట్టెలో వచ్చే రెండు మీటర్ల మామూలు వైరుకు అతుకులు వేసి లాగడం కంటే, సెన్సారుకు ప్లగ్గు ఉండే రకాన్ని అడిగి కొనుక్కోవాలని నా సలహా.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక పరికరం తన పని తాను చేసింది. యార్డుకు కొత్త పంట జోరుగా వచ్చే రోజుల్లో, రెండు షిఫ్టులు నడుస్తుండగా, ఒక రాత్రి స్క్రూ కన్వేయరును మధ్యలో పట్టి ఉంచే హ్యాంగరు బేరింగు దగ్గర కప్లింగు బోల్టు విరిగింది. మోటారు వైపు సగం స్క్రూ తిరుగుతూనే ఉంది. తోక షాఫ్టు నిలిచిన కాసేపటికే గంట మోగి ఫీడరు ఆగింది. మూత తీసి చూస్తే తొట్టిలో పొడి స్క్రూ నడుము దాకా కూడా రాలేదు, విరిగిన బోల్టు ముక్క హ్యాంగరు కింద పడి ఉంది. కొత్త బోల్టు వేసి తెల్లవారకముందే లైను నడిపాము. ఈ పరికరం లేని రోజుల్లో ఇదే చోట ఇదే బోల్టు విరిగితే, జల్లెడ దాకా నిండి, పల్వరైజరు మూత విప్పి, గోధుమ రంగుకు మారిన పొడిని గోతాల్లోకి ఎత్తవలసి వచ్చేది. ఎలివేటరు దగ్గర పూర్తి ట్రిప్ రాలేదు గానీ, హెచ్చరిక గంట మోగి బెల్టు సాగిందని చెప్పింది. బిగించాక మళ్లీ 95కు చేరింది. ఆ హెచ్చరిక విలువ ట్రిప్ విలువకు తక్కువేమీ కాదని నేననుకుంటాను, ఎందుకంటే పని ఆపకుండానే పగటిపూట తీరిగ్గా బాగుచేసుకునే అవకాశం అదే ఇచ్చింది.

గుంటూరు ఎండ గురించి వేరే చెప్పనక్కరలేదు. సెన్సారు 70 డిగ్రీల దాకా ఓర్చుకుంటుందని దాని మీదే రాసి ఉంది, దానికి ఏ ఇబ్బందీ రాలేదు. కంట్రోలు యూనిట్ పరిమితి 55 డిగ్రీలే. రేకుల షెడ్డు కింద, వీఎఫ్‌డీ పక్కన, తలుపు మూసిన ప్యానెల్‌లో మే నెల మధ్యాహ్నం ఆ వేడి సులభంగా దాటుతుంది. డిస్‌ప్లే మసకబారడం గమనించి యూనిట్‌ను ప్యానెల్ అడుగు భాగానికి మార్చి, ఫ్యానూ దుమ్ము వడకట్టే జాలీ పెట్టించాము. ఆ తర్వాత మసక పోయింది. సెన్సారుకు ఐపీ67 రక్షణ ఉంది కాబట్టి దుమ్ము, నీటి తుంపర భయం లేదు. ఆ రక్షణ ప్యానెల్‌లోని యూనిట్‌కు లేదన్న సంగతి మరువకూడదు.

మిగిలిన లోపాలు చిన్నవే అయినా చెప్పి తీరాలి. ముందు భాగంలోని మీటలకు పాస్‌వర్డు లేదు, ఎవరైనా నొక్కి సెట్‌పాయింటు మార్చేయవచ్చు. రాత్రి షిఫ్టులో గంట మోగకుండా ఉండటానికి దాన్ని తగ్గించిన ఆపరేటర్లున్న మిల్లులు నాకు తెలుసు. ప్యానెల్ తలుపుకు తాళం వేయడం ఒక్కటే ఇప్పటికి మార్గం. సూచనల పుస్తకం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మన ఫిట్టర్లకు పనికొచ్చేలా ఒక్క పేజీ తెలుగులో వేయించి పెట్టెలో పెడితే కంపెనీకి పోయేదేమీ లేదు. వైరింగు టెర్మినళ్ల మీది అంకెలు చేతి జిడ్డుకే చెరిగిపోయాయి, మేము వైరు కొసలకు అంకెలున్న ఫెర్రూళ్లు (తొడుగులు) వేసి సరిచేసుకున్నాము. సర్వీసు విషయంలో, ఒక యూనిట్ రిలే అంటుకుపోయినప్పుడు కంపెనీ మనిషి రావడానికి చాలా ఆలస్యమైంది. దుకాణం వారు తమ దగ్గరున్న యూనిట్ తాత్కాలికంగా ఇచ్చి ఆదుకున్నారు. ఆ ఒక్క కారణంగా మళ్లీ అవసరమైనప్పుడు అక్కడికే వెళ్తాను.

ఆ రిలే అంటుకుపోయిన సంగతి బయటపడింది నెలవారీ పరీక్షలో. లైను ఖాళీగా నడుస్తుండగా సెట్‌పాయింటును షాఫ్టు వేగానికి పైకి పెంచి చూస్తాము, ఎనిమిది పది సెకన్లలోపు ఫీడరు ఆగి తీరాలి. ఆగాక సెట్‌పాయింటును తిరిగి దాని మొదటి అంకెకు తెచ్చి, పుస్తకంలో తేదీ, చూసినవారి సంతకం రాస్తాము. షాఫ్టును కర్రతోనో గోనెపట్టాతోనో ఆపి పరీక్షించే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది చేతులు పోగొట్టే పని, ఎవరూ చేయకూడదు. వేరే మిల్లుల వారు అడుగుతున్నారు కాబట్టి ఇంకొక మాట: సెన్సారు ఒకటి, రిలే యూనిట్ ఒకటి అదనంగా స్టోరులో పెట్టుకోండి. సీజనులో ఆటోనగర్ దాకా వెళ్లివచ్చే సగం రోజుకు, మిల్లు వాళ్లు సెన్సారును బైపాస్ చేసి నడిపేస్తారు. అలా వేసిన బైపాస్ వైరును మళ్లీ తీసేవారు నాకు తక్కువగా కనిపించారు.